అలెంకా బ్రాతుషెక్ (స్లొవేనియా): పదవుల తేదీలు, ఓట్ల లెక్కలు ఎక్కడ తేడా కొడుతున్నాయి?

చలిమిడి

స్లొవేనియా మాజీ ప్రధాని అలెంకా బ్రాతుషెక్ మీద తెలుగులో ఒక వ్యాసం తయారు చేస్తున్నాను. నాలుగు కథనాలు ముందేసుకుంటే నాలుగూ నాలుగు రకాలుగా ఉన్నాయి. నాకు తేలనివి ఇవి.

ఒకటి, 2013లో ఎన్నికలే జరగలేదు, మరి ప్రధాని ఎలా అయ్యారు? ప్రమాణం ఫిబ్రవరి 27నా, మార్చి 20నా? రెండు, మౌలిక వసతుల మంత్రిగా 2018 నుంచి 2020 దాకా అని అందరూ ఒప్పుకుంటున్నారు గానీ, రెండో విడత 2022 జూన్ అని కొందరు, 2023 జనవరి అని కొందరు. మూడు, యూరోపియన్ కమిషన్ పదవి విషయంలో "ఓడిపోయారు" అని ఒకచోట, "తప్పుకున్నారు" అని ఇంకోచోట. నాలుగు, 2013 బ్యాంకుల వ్యవహారంలో ఆవిడ చేసిందెంత, అంతకుముందే అయిపోయిందెంత?

తెలిసినవాళ్లు ఒక్కోటి విడదీసి చెబితే చాలు.

ఓట్ల లెక్క

మొదటిది నేను తీసుకుంటాను. అసలు చిక్కంతా ప్రధానిని ఎన్నుకోవడం, మంత్రులను నియమించడం అక్కడ రెండు వేరువేరు ఓటింగులు కావడం వల్ల వచ్చింది.

జాతీయ సభలో 90 సీట్లు. 88 మంది ఎనిమిది నియోజక విభాగాల నుంచి, ఒక్కో విభాగానికి 11 మంది చొప్పున వస్తారు. మిగతా ఇద్దరు ఇటాలియన్, హంగేరియన్ అల్పసంఖ్యాకుల ప్రతినిధులు. ప్రధాని కావాలంటే 46 ఓట్లు పడాలి. అది మొత్తం సభ్యుల్లో మెజారిటీ, హాజరైనవాళ్లలో కాదు. రహస్య బ్యాలెట్.

2011 డిసెంబరు 4 ఎన్నికల్లో లుబ్లానా మేయర్ జోరాన్ యాంకోవిచ్ పెట్టిన పాజిటివ్ స్లొవేనియా 28 సీట్లతో మొదటి స్థానంలో నిలిచింది. యానెజ్ యాన్షా పార్టీ ఎస్‌డీఎస్‌కు 26. అయినా 2012 జనవరిలో యాంకోవిచ్‌కు 42 ఓట్లే పడ్డాయి. నాలుగు తక్కువ. పెద్ద పార్టీ నాయకుడు ఇంటికి, రెండో పార్టీ నాయకుడు ప్రధాని కుర్చీకి. బ్రాతుషెక్ ఆ సభలో పాజిటివ్ స్లొవేనియా తరఫున తొలిసారి గెలిచిన సభ్యురాలు, ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాల పర్యవేక్షణ సంఘానికి అధ్యక్షురాలు.

2013 జనవరిలో అవినీతి నిరోధక కమిషన్ ఒక నివేదిక ఇచ్చింది. యాన్షా, యాంకోవిచ్ ఇద్దరూ ఆస్తుల వివరాలు సక్రమంగా ప్రకటించలేదని అందులో ఉంది. ఒకే నివేదిక అధికార పక్ష నాయకుణ్ణీ ప్రతిపక్ష నాయకుణ్ణీ ఒకేసారి ఇరుకున పెట్టింది. భాగస్వామి పార్టీలు యాన్షాను వదిలి బయటికొచ్చాయి. కానీ యాంకోవిచ్ ఉన్నంతకాలం ఆ పార్టీతో కలవబోమని కూడా అన్నాయి. దాంతో ఆయన పార్టీ అధ్యక్ష పదవిని పక్కన పెట్టారు, తాత్కాలికంగా బ్రాతుషెక్ వచ్చారు.

ఇక్కడ రాజ్యాంగం 116వ అధికరణం చదవండి. స్లొవేనియాలో ప్రధాని మీద ఉత్త అవిశ్వాసం చెల్లదు. దింపాలంటే అదే ఓటుతో ఇంకొకరిని ఎన్నుకోవాలి. ప్రతిపాదనకు కనీసం 10 మంది సభ్యుల సంతకాలు, ప్రతిపాదనకూ ఓటింగుకూ మధ్య కనీసం 48 గంటలు, గెలవడానికి 46. ఫిబ్రవరి 27న ఆవిడకు అనుకూలంగా 55, వ్యతిరేకంగా 33. ఆ రోజు యాన్షా పదవి పోయింది, ఈవిడ ప్రధానిగా ఎన్నికయ్యారు. కానీ కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసేదాకా పాతదే నడుస్తుంది. మంత్రుల జాబితా మీద ఓటింగు మార్చి 20న జరిగింది, 52–35. ప్రభుత్వం మొదలైంది ఆ రోజే.

కాబట్టి వ్యాసంలో "ప్రధానిగా ఎన్నిక: 2013 ఫిబ్రవరి 27, ప్రభుత్వ బాధ్యతలు: 2013 మార్చి 20" అని రెండూ రాయండి. ఒక్కటే వేయాల్సి వస్తే మార్చి 20.

కొల్లేటి కొంగ

బాగుంది. మన దగ్గర లోక్‌సభలో 50 మంది లేచి నిలబడితే అవిశ్వాసం చర్చకొస్తుంది, నెగ్గితే ప్రభుత్వం పడిపోతుంది, తర్వాత ఎవరన్నది తర్వాతి సంగతి. వీళ్ల పద్ధతిలో ఎదురుగా ఇంకో అభ్యర్థి లేకపోతే ఎంత చెడ్డ ప్రభుత్వమైనా కదలదు కదా? యాన్షాకు సొంత మెజారిటీ పోయిన తర్వాత కూడా నెలకు పైగా కూర్చున్నారు.

ఇంకో సందేహం. మంత్రులకు కూడా 46 కావాలా?

ఓట్ల లెక్క

అక్కర్లేదు. మంత్రులకు పోలైన ఓట్లలో మెజారిటీ చాలు. 2018 సెప్టెంబరు 13న ప్రధాని షారెత్స్ మంత్రివర్గం నెగ్గింది 45–34తో. అంటే ప్రధాని కావడానికి సరిపోని సంఖ్యతో మంత్రివర్గం మొత్తం వచ్చేసింది. బ్రాతుషెక్ మౌలిక వసతుల మంత్రిగా, ఉప ప్రధానిగా మొదటిసారి వచ్చింది ఆ ఓటింగుతోనే. అది అల్పసంఖ్యాక ప్రభుత్వం. ఐదు పార్టీలకు కలిపి 43 సీట్లు, బయటి నుంచి లెవిత్సా పార్టీ 9 మంది మద్దతు.

మీరన్న "కదలదు" నిజమే గానీ, దారి పూర్తిగా మూసుకుపోలేదు. ప్రధాని స్వయంగా రాజీనామా చేయొచ్చు, లేదా విశ్వాస పరీక్ష తానే అడగొచ్చు. బ్రాతుషెక్ 2013 నవంబరు 15న బడ్జెట్లతో ముడిపెట్టి అడిగారు, 50–31తో నెగ్గారు. బడ్జెట్ మీద భాగస్వాములు ఒక్కొక్కరూ ఒక్కో మినహాయింపు కోరుతుంటే, "ఇది కావాలా, ఎన్నికలు కావాలా" అని అడగడానికి ఈ పరీక్ష పనికొస్తుంది.

మంత్రిని ఒక్కరినే దించాలంటే ఇంటర్‌పెలేషన్ అనే పద్ధతి ఉంది. 10 మంది సంతకం పెడితే చర్చ, ఆ తర్వాత తొలగించడానికి మాత్రం 46. నియామకానికి తక్కువ, తొలగింపుకు ఎక్కువ అన్నమాట.

చలిమిడి గారూ, ఇంకో సంగతి మీ వ్యాసంలో తప్పక రావాలి. అక్కడ ఒకే మనిషి ఒకేసారి సభ్యుడూ మంత్రీ కాలేడు. మంత్రి కాగానే సభలో ఆ సీటు జాబితాలో తర్వాతి అభ్యర్థికి వెళుతుంది. మంత్రి పదవి పోతే అసలు సభ్యుడు మళ్లీ వచ్చి కూర్చుంటాడు. మన 164(4)వ అధికరణం ప్రకారం మంత్రి అయినవాడు ఆరు నెలల్లో సభ్యుడు కావాలి. అక్కడ దానికి తలకిందులు. "2018–2022 ఎంపీ" అని ఏకబిగిన రాసేసిన కథనాలు తప్పడానికి కారణం ఇదే. మధ్యలో మంత్రిగా ఉన్న కాలం తీసేయాలి.

పద్దుల పంతులు

నాలుగో ప్రశ్నకు వస్తాను, ఎందుకంటే ఆవిడ గురించి రాసేవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. "దేశాన్ని గట్టెక్కించిన ప్రధాని" అని ఒక వర్గం, "ముందువాళ్లు వండితే వడ్డించింది" అని ఇంకో వర్గం.

ముందు ఆవిడ నేపథ్యం. చదువు వస్త్ర సాంకేతికత, ఆ తర్వాత లుబ్లానా విశ్వవిద్యాలయంలోనే మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్. 2005 నుంచి 2011లో రాజకీయాల్లోకి వచ్చేదాకా ఆర్థిక శాఖలో రాష్ట్ర బడ్జెట్ డైరెక్టరేట్‌కు అధిపతి. (రాష్ట్రం అంటే అక్కడ దేశమే, కంగారు పడకండి.) అంటే బడ్జెట్ పద్దులు ఎవరూ నేర్పక్కర్లేని మనిషి.

2013 వసంతానికి పరిస్థితి ఏమిటంటే, సైప్రస్ అప్పుడే మునిగింది, తర్వాతి వంతు స్లొవేనియాదే అని మార్కెట్లో మాట. బ్యాంకుల్లో అధిక భాగం ప్రభుత్వానివే. అవి నిర్మాణ కంపెనీలకు, కంపెనీలను కొనుక్కోవడానికి మేనేజర్లకు ఇచ్చిన అప్పులు మొండి బాకీలయ్యాయి. ఏప్రిల్ 30న రేటింగు సంస్థ మూడీస్ దేశం రేటింగును చెత్త స్థాయికి దించింది. రెండు రోజులు తిరక్కుండా, మే 2న, ప్రభుత్వం డాలర్లలో 350 కోట్ల బాండ్లు అమ్మింది. అయిదేళ్లవి 100 కోట్లు 4.75 శాతం కూపన్‌తో (అంటే ఏటా ఇచ్చే వడ్డీ), పదేళ్లవి 250 కోట్లు 5.85 శాతంతో. వడ్డీ మండిపోయింది, నిజమే. కానీ ఆ డబ్బుతో ఆ ఏడాదికి సరిపడా గాలి పీల్చుకున్నారు. యూరోపియన్ సహాయ నిధి దగ్గరికి వెళితే షరతులు వాళ్లు రాస్తారు. బాండ్లయితే షరతులు స్లొవేనియావే, వడ్డీ మాత్రం ఎక్కువ. నా లెక్కలో ఆ ప్రభుత్వం తీసుకున్న అతి ముఖ్యమైన నిర్ణయం ఇదే. బ్యాంకుల పని దీని తర్వాతే సాధ్యమైంది.

జూలై 1 నుంచి వ్యాట్ 20 నుంచి 22కు, తక్కువ రేటు 8.5 నుంచి 9.5కు పెంచారు. జూన్‌లో అమ్మకానికి 15 కంపెనీల జాబితా పెట్టారు. టెలికామ్, లుబ్లానా విమానాశ్రయం, ఆడ్రియా ఎయిర్‌వేస్, హేలియోస్, ఫోటోనా, స్కీల కంపెనీ ఎలాన్ వగైరా.

ఇక బ్యాంకులు. వరస ఇలా నడిచింది. సెప్టెంబరులో రెండు చిన్న ప్రైవేటు బ్యాంకులు, ఫ్యాక్టర్ బాంకా, ప్రోబాంకాలను క్రమపద్ధతిలో మూసివేత బాట పట్టించారు. అదే సమయంలో 8 బ్యాంకుల ఆస్తుల నాణ్యతను, గడ్డు పరిస్థితిని తట్టుకునే శక్తిని బయటి సంస్థల చేత లెక్క కట్టించారు. డిసెంబరు 12న ఫలితం వచ్చింది: గడ్డు అంచనాలో మొత్తం మూలధన లోటు 477.8 కోట్ల యూరోలు. ప్రభుత్వం మూడు బ్యాంకుల్లో మూలధనం పోసింది: ఎన్‌ఎల్‌బీలో 155.1 కోట్లు, ఎన్‌కేబీఎంలో 87 కోట్లు, అబాంకాలో మొదటి విడతగా 34.8 కోట్లు. మొండి బాకీలు డీయూటీబీ అనే చెడ్డ బ్యాంకుకు బదిలీ అయ్యాయి. ఆ ఏడాది బడ్జెట్ లోటు జీడీపీలో 15 శాతం దగ్గరకు వెళ్లిపోయింది, అందులో మూడింట రెండొంతులు బ్యాంకులదే.

చెడ్డ బ్యాంకు చట్టం మాత్రం 2012 అక్టోబరులో యాన్షా హయాంలో వచ్చింది. దాని మీద రిఫరెండం పెట్టే ప్రయత్నాన్ని రాజ్యాంగ న్యాయస్థానం 2012 డిసెంబరులో ఆపింది. కాబట్టి వ్యాసంలో ఇలా పంచండి: చట్టం యాన్షా ప్రభుత్వానిది, నిధుల సమీకరణ, మదింపు, మూలధనం పోయడం బ్రాతుషెక్, ఆర్థిక మంత్రి ఉరోష్ చూఫెర్‌లది.

కొల్లేటి కొంగ

పంతులు గారూ, గట్టెక్కించారు సరే, అప్పులిచ్చినవాళ్లకు పెట్టిన నామం సంగతి? సబార్డినేటెడ్ బాండ్లు (బ్యాంకు మునిగితే మిగతా అప్పులవాళ్ల తర్వాతే డబ్బు దక్కే బాండ్లు) కొన్న మామూలు జనం డబ్బు ఆ ఒక్క రాత్రిలో సున్నా అయింది. లోటు అంచనా మరీ పెద్దదిగా కట్టారనే వాదన కూడా ఉంది. అవి లేకుండా రాస్తే ప్రచార పత్రం అవుతుంది.

పద్దుల పంతులు

రాయాల్సిందే, కాదనను. కానీ కారణం కూడా రాయండి. 2013 ఆగస్టు నుంచి యూరోపియన్ కమిషన్ నిబంధన మారింది: ప్రభుత్వ సొమ్ము బ్యాంకులో పోయాలంటే ముందు వాటాదారులు, ఆ తర్వాత సబార్డినేటెడ్ బాండ్లవాళ్లు నష్టం భరించాలి. స్లొవేనియా ఆ నిబంధన కింద పడ్డ తొలి దేశాల్లో ఒకటి. ఆగస్టుకు ముందే చేసి ఉంటే బాండ్లవాళ్లు బతికిపోయేవాళ్లేమో. ఆలస్యం ఖరీదు అది. ఆ ఆలస్యంలో రెండు ప్రభుత్వాలకూ వాటా ఉంది.

కేసు లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2016 జూలై 19 తీర్పు ప్రకారం నష్టం భరించమనడం యూరోపియన్ చట్టానికి విరుద్ధం కాదు, కానీ ఆ కమిషన్ నిబంధన సభ్య దేశాలను కట్టిపడేసేదీ కాదు. అదే ఏడాది అక్టోబరులో స్లొవేనియా రాజ్యాంగ న్యాయస్థానం, డబ్బు పోయినవాళ్లకు కోర్టులో సరైన రక్షణ కల్పించలేదని చట్టంలో ఆ భాగాన్ని తప్పుపట్టింది. తప్పు జరిగింది డబ్బు తుడిచేయడంలో కన్నా, తుడిచేసిన తర్వాత ఎవరిని, ఏ పత్రాలతో, ఎక్కడ అడగాలో దారి పెట్టకపోవడంలో.

లోటు పెద్దదిగా కట్టారా అన్నదానికి ఎవరి పద్ధతి వాళ్లది. ఆస్తులను వెంటనే అమ్మేసే ధరకు లెక్కిస్తే లోటు పెరుగుతుంది, నాలుగేళ్లు ఆగి అమ్మే ధరకు లెక్కిస్తే తగ్గుతుంది. ఆ రోజు వెంటనే లెక్క తేలాలని ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూరోపియన్ కేంద్ర బ్యాంకు, బ్రసెల్స్‌లోని యూరోపియన్ కమిషన్ పట్టు. ఎన్‌కేబీఎంను 2015లో అమ్మినప్పుడు వచ్చింది 25 కోట్ల యూరోలు. పోసింది 87 కోట్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన వేయండి, పాఠకుడే చూసుకుంటాడు.

ఒక ఘోరమైన ఎదురుదెబ్బ మరచిపోయాను. 2014 జనవరి నుంచి కొత్త స్థిరాస్తి పన్ను పెట్టారు, మార్చిలో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ఆస్తి విలువ కట్టే పద్ధతి చట్టంలో సరిగ్గా లేదన్నది అందులో ముఖ్యమైన అభ్యంతరం. బడ్జెట్‌లో ఆ రాబడి ముందే రాసేసుకున్నారు.

బ్రసెల్స్ బాతాఖానీ

మూడో ప్రశ్న నాది. "ఓడిపోయారు", "తప్పుకున్నారు" రెండూ సగం సగం నిజాలు.

ముందు వెనక్కి వెళ్లాలి. 2014 ఏప్రిల్ 25న పార్టీ మహాసభలో యాంకోవిచ్ తిరిగి పోటీకి దిగి 422–338తో ఆవిడను ఓడించారు. ఆయన వస్తే వెళ్లిపోతామని భాగస్వాములు ముందే చెప్పి ఉన్నారు. మే 5న ఆవిడ ప్రధాని పదవికి రాజీనామా చేశారు. మే 31న తన పేరుతోనే కొత్త పార్టీ, జూలై 13న ముందస్తు ఎన్నికలు. ఆరు వారాల వయసున్న పార్టీకి 4.38 శాతం, 4 సీట్లు. హద్దు 4 శాతం. అంచు మీద నడిచి దాటారు. పాత పార్టీ పాజిటివ్ స్లొవేనియా మాత్రం హద్దు దాటలేక సభ బయటే మిగిలిపోయింది.

ఇప్పుడు అసలు విషయం. కొత్త ప్రభుత్వం ఏర్పడలేదు, ఈవిడ ఆపద్ధర్మ ప్రధాని. ఆ దశలో కమిషనర్ పదవికి పేర్లు పంపాలి. ఆవిడ అధ్యక్షత వహిస్తున్న ప్రభుత్వం పంపిన పేర్లలో విదేశాంగ మంత్రి కార్ల్ ఎర్యావెత్స్, యూరోపియన్ పార్లమెంటు సభ్యురాలు తాన్యా ఫాయోన్‌తో పాటు ఆవిడ పేరూ ఉంది. మహిళలు తగ్గారని కమిషన్ అధ్యక్షుడు యుంకర్ వెతుకుతున్నారు, ఈవిడను ఎంచుకుని ఇంధన యూనియన్ ఉపాధ్యక్ష పదవి కేటాయించారు.

అక్టోబరు 6న యూరోపియన్ పార్లమెంటులో అభ్యర్థి విచారణ. పారిశ్రామిక, పర్యావరణ కమిటీలు కలిసి ప్రశ్నించాయి. బొమ్మ తిరగబడడానికి రెండు కారణాలు. ఇంధనం మీద ఖచ్చితమైన ప్రశ్నలకు పొడిపొడి జవాబులు వచ్చాయి. "మీ పేరు మీరే పంపుకున్నారు కదా" అన్న ప్రశ్న ప్రతి రౌండులో తిరిగింది. పైగా స్వదేశంలో అవినీతి నిరోధక కమిషన్ అదే విషయం మీద ఫైలు తెరిచి ఉంది. ఆవిడకు ఇంటి దగ్గర కొత్త ప్రధాని త్సెరార్ అండ లేదు, పార్లమెంటులో పెద్ద గ్రూపుల్లో ఏదీ ఆవిడది కాదు. విచారణలో తడబడ్డ అభ్యర్థులను పెద్ద గ్రూపులు ఒకరినొకరు కాపాడుకుంటాయి. ఈవిడను కాపాడే అవసరం ఎవరికీ లేదు. అక్టోబరు 8న కమిటీల ఓటింగు: వ్యతిరేకం 112, అనుకూలం 13.

చట్టం ప్రకారం యూరోపియన్ పార్లమెంటు ఒక్క కమిషనర్‌ను తిరస్కరించలేదు. మొత్తం కమిషన్‌కు ఒకే ఓటు. కమిటీ ఓటు ఒత్తిడి మాత్రమే. కాబట్టి ఆవిడ అధికారికంగా "ఓడిపోలేదు", 9న తప్పుకున్నారు. ఆ 112–13 తర్వాత నిలబడే దారి మాత్రం లేదు. త్సెరార్ ప్రభుత్వం వియోలెతా బుల్త్స్‌ను పంపింది. ఆవిడకు రవాణా ఇచ్చి, రవాణాకు అనుకున్న స్లొవేకియా మారోష్ షెఫ్చోవిచ్‌ను ఇంధన యూనియన్‌కు మార్చారు.

వ్యాసంలో వాక్యం ఇలా ఉండొచ్చు: "కమిటీలు 112–13తో వ్యతిరేకించడంతో 2014 అక్టోబరు 9న అభ్యర్థిత్వం ఉపసంహరించుకున్నారు."

చలిమిడి

అద్భుతం. మరి 2022నా, 2023నా?

రైలు కట్ట

2023. తేదీ జనవరి 24.

2022 జూన్ 1న ప్రధాని గొలోబ్ ప్రభుత్వం వచ్చినప్పుడు మౌలిక వసతుల మంత్రి బోయన్ కుమెర్. బ్రాతుషెక్ అదే శాఖలో రాష్ట్ర కార్యదర్శి, అంటే మంత్రి కింది పదవి. రాష్ట్ర కార్యదర్శిని ప్రభుత్వమే నియమిస్తుంది, సభలో ఓటింగు ఉండదు, కమిటీ ముందు విచారణ ఉండదు. జూన్ 2022 అని రాసినవాళ్లు ఈ పదవిని మంత్రి పదవిగా లెక్కేశారు.

ఎందుకిలా అయిందంటే, గొలోబ్‌కు శాఖలను విడదీయాలని ఉంది. ఇంధనాన్ని మౌలిక వసతుల నుంచి తీసి పర్యావరణం, వాతావరణంతో కలిపి కొత్త శాఖ చేసి కుమెర్‌కు ఇవ్వాలి, రైళ్లు, రోడ్లు మిగిలిన శాఖ బ్రాతుషెక్‌కు. దానికి ప్రభుత్వ చట్టం సవరించాలి. సవరించారు. ఎస్‌డీఎస్ సంతకాలు సేకరించి రిఫరెండం కోరింది. ఫలితం వచ్చేదాకా చట్టం అమల్లోకి రాదు. నవంబరు 27న ఓటింగులో చట్టం నెగ్గింది, జనవరిలో కొత్త శాఖలు ఏర్పడ్డాయి.

ఆ ఏప్రిల్ ఎన్నికల్లో ఆవిడ పార్టీ ఎస్‌ఏబీ 4 శాతం హద్దు దాటలేదు, జూన్‌లో గొలోబ్ పార్టీలో కలిసిపోయింది. అంటే సభలో సీటు లేని మనిషి మంత్రి అయ్యారు. పైన ఓట్ల లెక్క గారు చెప్పిన పద్ధతిలో అది అడ్డంకే కాదు.

ఓట్ల లెక్క

రైలు కట్ట గారి పోస్టుకు ఒక కొస తగిలించాలి. రిఫరెండం నిబంధనలను మార్చింది బ్రాతుషెక్ ప్రధానిగా ఉన్నప్పుడే, 2013 మే 24న. రాజ్యాంగం 90వ అధికరణం. అంతకుముందు 30 మంది సభ్యులు గానీ, ఎగువ మండలి గానీ, 40 వేల మంది ఓటర్లు గానీ రిఫరెండం కోరగలిగేవాళ్లు, ఎంత తక్కువ పోలింగయినా ఫలితం చెల్లేది. ఆ పద్ధతిలో 2011లో పింఛను సంస్కరణ పోయింది. సవరణ తర్వాత కోరే హక్కు 40 వేల మంది ఓటర్లకే. పన్నులు, బడ్జెట్ అమలు చట్టాల మీద అసలు కుదరదు. చట్టం వీగిపోవాలంటే వ్యతిరేక ఓట్లు ఎక్కువ ఉండాలి, అవి మొత్తం ఓటర్లలో కనీసం అయిదో వంతు కూడా ఉండాలి. అదే రోజు బడ్జెట్ సమతుల్యం గురించి 148వ అధికరణం కూడా సవరించారు. పత్రికలు దాని గురించే రాశాయి. నా అభిప్రాయంలో 90వది ఎక్కువ ప్రభావం చూపింది.

రైలు కట్ట

ఆ అయిదో వంతు నిబంధనకు అసలు పరీక్ష దివాచా–కోపర్ రెండో రైలు మార్గం. ఆవిడ మంత్రిగా చేసిన పనిలో బరువైనది ఇదే, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

కోపర్ దేశానికి ఉన్న ఒకే ఒక వాణిజ్య రేవు. ఆస్ట్రియా, హంగేరీ సరుకు దాని మీదుగా వస్తుంది. రేవు నుంచి కొండెక్కి దివాచాకు పోయే పాత లైను ఒంటి పట్టా, సుమారు 45 కిలోమీటర్లు, వాలు వెయ్యికి 26 దాకా. బరువైన గూడ్సుకు అంత వాలు ఎక్కించాలంటే అదనపు ఇంజను కట్టాలి. కొత్త మార్గం 27.1 కిలోమీటర్లు, వాలు వెయ్యికి 17, గంటకు 160 కిలోమీటర్ల వేగానికి రూపకల్పన. ఇందులో 20.5 కిలోమీటర్లు సొరంగాలే, మొత్తం ఏడు. నేల సున్నపురాయి కార్స్ట్. అంటే లోపల ఎక్కడ గుహ తగులుతుందో తవ్వేదాకా తెలియదు. తగిలితే పని ఆపి, గుహ నిపుణులు దిగి కొలతలు తీసి, పైకప్పుకు ఆనిక పెట్టి, నీటి దారి మూసుకుపోకుండా చూసి అప్పుడు ముందుకెళ్లాలి. ఖర్చు 100 కోట్ల యూరోలు దాటడానికి ప్రధాన కారణం ఈ సొరంగాలే.

త్సెరార్ ప్రభుత్వం 2017లో చట్టం చేసింది: పనికి 2టీడీకే అనే ప్రభుత్వ కంపెనీ, నిధులకు బడ్జెట్, రుణం, యూరోపియన్ సాయంతో పాటు రేవులో దించే సరుకు మీద టన్నుకింత రుసుము, టోల్ మీద అదనపు వడ్డింపు. 2017 సెప్టెంబరు 24న దాని మీద రిఫరెండం జరిగింది. అనుకూల ఓట్లే ఎక్కువ. మొత్తం పోలింగే 20 శాతం పైచిలుకు. అంటే వ్యతిరేకులు అయిదో వంతు చేరాలంటే వచ్చినవాళ్లంతా వాళ్ల ఓటర్లే కావాలి. అయినా 2018 మార్చి 14న సుప్రీం కోర్టు ఫలితాన్ని రద్దు చేసింది. ప్రచారానికి ప్రభుత్వం ఖజానా సొమ్ము ఖర్చు పెట్టి, ఒక పక్షం వాదనే వినిపించిందని. త్సెరార్ ఆ సాయంత్రమే రాజీనామా ప్రకటించారు. మే 13న మళ్లీ పెట్టారు, పోలింగు ఇంకా తగ్గి అయిదో వంతుకే చేరలేదు. చట్టం నిలిచింది.

ఆ సెప్టెంబరులో బ్రాతుషెక్ చేతికి ఈ ఫైలు వచ్చింది. ఆవిడ మొదటి విడతలో సాగింది ప్రధానంగా నిధుల ఏర్పాటు, కొండల్లోకి పోయే దారుల పని. సొరంగాల ప్రధాన కాంట్రాక్టులు 2021లో, యాన్షా మూడో ప్రభుత్వంలో మంత్రి యెర్నే వర్తోవెత్స్ హయాంలో కుదిరాయి. స్లొవేనియా కంపెనీ కొలెక్టర్‌తో పాటు టర్కీ కంపెనీలు యాపీ మెర్కెజీ, ఓజాల్తిన్ ఉన్నాయి. ఈవిడ తిరిగొచ్చేసరికి తవ్వకం జోరు మీద ఉంది. "రెండో మార్గం కట్టించారు" అని ఒక్కరి ఖాతాలో వేయకండి. చట్టం గాష్పెర్షిచ్ మంత్రిగా ఉన్నప్పుడు, కాంట్రాక్టులు వర్తోవెత్స్ ఉన్నప్పుడు, ముందూ వెనకా ఈవిడ.

కొల్లేటి కొంగ

మరి ఆడ్రియా ఎయిర్‌వేస్? 2013లో అమ్మకానికి పెట్టిన ప్రభుత్వ ప్రధాని ఈవిడే, 2019లో అది దివాలా తీసినప్పుడు విమానయానం చూసే మంత్రీ ఈవిడే. దీన్ని ఎవరూ కలిపి రాయరేం?

పద్దుల పంతులు

కలపొచ్చు, కానీ మధ్యలో ఒక మెట్టు ఉంది. జాబితాలో పెట్టింది 2013లో, అమ్మింది 2016లో త్సెరార్ హయాంలో, కొన్నది 4కే ఇన్వెస్ట్ అనే పెట్టుబడి సంస్థ. 2019 సెప్టెంబరు 30న విమానయాన ఏజెన్సీ లైసెన్సు తీసేసింది, అక్టోబరు 2న కోర్టు దివాలా ప్రకటించింది. జాబితాలో పెట్టడం తప్పా, కొన్నవాడి జేబు చూడకపోవడం తప్పా అన్నది వేరే చర్చ. పోలికకు, అదే జాబితాలోని లుబ్లానా విమానాశ్రయాన్ని 2014 సెప్టెంబరులో ఫ్రాపోర్ట్ కొన్నది. ఆ కంపెనీకి విమానాశ్రయాలు నడపడమే పని. అది నడుస్తోంది.

మోడరేటర్

యాన్షా–యాంకోవిచ్ కేసుల గురించి వచ్చిన మూడు పోస్టులు వేరే దారానికి తరలించాను. ఇక్కడ బ్రాతుషెక్ పదవుల వరకే.

చలిమిడి

చిత్తుప్రతి ఇలా పెడుతున్నాను, ఒకసారి చూడండి.

ఆర్థిక శాఖ బడ్జెట్ డైరెక్టరేట్ అధిపతి, 2005–2011. జాతీయ సభకు తొలి ఎన్నిక, 2011 డిసెంబరు. ప్రధాని, 2013 మార్చి 20 – 2014 మే 5. కమిషన్ అభ్యర్థిత్వం ఉపసంహరణ, 2014 అక్టోబరు 9. మౌలిక వసతుల మంత్రి, ఉప ప్రధాని, 2018 సెప్టెంబరు 13 – 2020 జనవరి 27. రాష్ట్ర కార్యదర్శి, 2022. మౌలిక వసతుల మంత్రిగా రెండో విడత మొదలు, 2023 జనవరి 24.

ఓట్ల లెక్క

రెండు ముగింపు తేదీలు మార్చండి. మే 5 రాజీనామా తేదీ. కొత్త ప్రభుత్వం వచ్చేదాకా పాతది ఆపద్ధర్మంగా నడుస్తుంది కాబట్టి ప్రధాని పదవి 2014 సెప్టెంబరు 18 దాకా, త్సెరార్ ప్రభుత్వం ప్రమాణం చేసిన రోజు. కమిషనర్ పేర్లు పంపింది ఈ మధ్య కాలంలోనే. మీ తేదీ ప్రకారమైతే అధికారంలో లేని మనిషి పేరు పంపినట్టవుతుంది.

2020 జనవరి 27 కూడా అలాంటిదే, షారెత్స్ రాజీనామా చేసిన రోజు. మంత్రులు కొనసాగింది యాన్షా ప్రభుత్వం వచ్చిన మార్చి 13 దాకా.

పద్దుల పంతులు

బ్యాంకుల పేరాకు ఒక్క ముక్క చేర్చండి. ఎన్‌ఎల్‌బీకి మూలధనం పోసేటప్పుడు ప్రభుత్వ వాటాను 25 శాతం మీద ఒక్క షేరుకు తగ్గిస్తామని బ్రసెల్స్‌కు మాటిచ్చారు. గడువు దాటిపోయింది. 2018 నవంబరులో 65 శాతం, 2019 జూన్‌లో మరో 10 శాతం దగ్గర అమ్మాక ఆ మాట తీరింది. అప్పటికి ఆవిడ షారెత్స్ మంత్రివర్గంలో ఉన్నారు, కానీ అమ్మకం ఆవిడ శాఖ పని కాదు. మౌలిక వసతుల కింద వేయకండి.